తాతయ్య షోకేసులో వీణ బొమ్మ.. రీసేల్ ఎంత?

రాజాంలో తాతయ్య ఇల్లు ఖాళీ చేస్తున్నాం. అద్దెకి ఇచ్చేద్దామని నాన్న నిర్ణయం. నేను హైదరాబాద్ నుంచి రెండ్రోజులు సెలవు పెట్టి వచ్చా. తాతయ్య ఉన్నప్పుడు రాజాం శ్రీకాకుళం జిల్లా. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చాక విజయనగరం జిల్లా అయింది. ఆయన పెట్టెల్లో కాగితాలన్నిటి మీదా పాత జిల్లా పేరే ఉంది.

షోకేసు సర్దుతుంటే పై అరలో ఒక చిన్న వీణ కనిపించింది. జానెడు కంటే కొంచెం పొడవు. తాతయ్య టీచర్‌గా రిటైరైన రోజు స్కూలు వాళ్ళు ఇచ్చిన జ్ఞాపిక. రెండు తీగలు తెగిపోయాయి, ఒక మెట్టు ఊడిపోయింది, దుమ్ము పేరుకుపోయింది.

"ఇదేటి చేద్దాం రా? పాతసామాన్లోడికి ఇచ్చీద్దామా?" అన్నారు నాన్న.

నేనేం మాట్లాడకుండా ఫోన్ తీసి ఫొటో కొట్టా. ఆ బొమ్మ మీద ప్రేమతో కాదు. దీనికి రీసేల్ ఎంతొస్తుందో చూద్దామని!

నా అలవాటు గురించి నిజం చెప్పేస్తా

ఆఫీసులో నా డెస్క్ మీద పదకొండు బొమ్మలున్నాయి. కొన్ని హాట్ వీల్స్ కార్లు, కొన్ని ఫిగర్లు. మొదట్లో సరదా. తర్వాత సూపర్ మార్కెట్‌లో నూట ఎనభైకి కొన్న ఒక కారుని నాలుగు వేలకి అడిగాడొకడు. ఇచ్చేశా. ఆ రోజు నుంచి బొమ్మని బొమ్మలా చూడటం మానేశా. ప్యాకెట్ చింపకూడదు, కార్డు మడత పడకూడదు, ఎండ తగలకూడదు. ఆడుకోవడానికి కొన్న వస్తువుతో ఆడుకోకపోతేనే దానికి రేటు!

ఈ ఆట రూల్స్ తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్తా. హాట్ వీల్స్‌లో 1995 నుంచి 'ట్రెజర్ హంట్' అని కొన్ని కార్లు తక్కువ సంఖ్యలో మామూలు కార్ల మధ్య కలిపి పెడతారు. 2007 నుంచి వాటిలోనే 'సూపర్' రకం కూడా వచ్చింది. మెరిసే పెయింటు, రబ్బరు టైర్లు. షాపులో రేటు ఒకటే, బయట రేటు వేరే. అందుకే పొద్దున్నే షట్టర్ తీయకముందే కుర్రాళ్ళు షాపు ముందు నిలబడతారు. అందులో నేనూ ఉన్నా.

ఇక లబుబు సంగతి మీకు తెలిసిందే. కాసింగ్ లంగ్ అనే ఆర్టిస్టు 2015లో తన బొమ్మల కథల కోసం గీసిన పళ్ళికిలించే పిశాచి పిల్ల అది. 2019 నుంచి పాప్ మార్ట్ కంపెనీ దాన్ని బొమ్మలుగా చేస్తోంది. డబ్బాలో ఏ బొమ్మ ఉందో తెరిచేదాకా తెలీదు. కొన్ని సిరీస్‌లలో 'సీక్రెట్' బొమ్మ దొరికే అవకాశం 72లో ఒకటి. 2025 జూన్‌లో బీజింగ్‌లో జరిగిన వేలంలో మనిషంత ఎత్తున్న ఒక లబుబు 10 లక్షల 80 వేల యువాన్లకి పోయింది. మన లెక్కలో కోటీ పాతిక లక్షల పైమాటే. విచిత్రం ఏంటంటే, అదే నెలలో కంపెనీ మామూలు లబుబులని ఎక్కువ స్టాకు పెట్టగానే వాటి రీసేల్ రేట్లు బాగా పడిపోయాయి.

అంటే ఆ అరుదు దేవుడిచ్చింది కాదు, కంపెనీ చేతిలో ఉన్న కుళాయి. తిప్పితే వస్తుంది, కట్టేస్తే ఆగుతుంది.

సరే, తాతయ్య వీణకి వద్దాం. నెట్‌లో వెతికితే కొత్త బొబ్బిలి వీణ బొమ్మలు అమ్ముతామని చాలా ప్రకటనలు కనిపించాయి. రీసేల్ తెలిసినవాడు అవి చూడడు, అమ్ముడుపోయినవాటి లిస్టు చూస్తాడు. పాత వీణ బొమ్మ అమ్ముడుపోయిన దాఖలా ఒక్కటీ దొరకలేదు. కొన్నవాడు లేడు, అడిగినవాడూ లేడు.

"రిపేరైనా చేయిద్దాం, బొబ్బిలి ఎంత దూరమని" అన్నా. నాన్న ఆశ్చర్యంగా చూశారు. రిపేరైతే రేటొస్తుందేమో అనే ఆశ ఇంకా ఉందని ఆయనకి చెప్పలేదు.

గొల్లపల్లిలో ఒక మధ్యాహ్నం

రాజాం నుంచి బొబ్బిలికి బస్సులో గంట లోపే. బొబ్బిలి అంటే మనందరికీ 1757 జనవరి 24 నాటి యుద్ధం, తాండ్ర పాపారాయుడు గుర్తొస్తారు. కోట, గుర్రాలు, ఫ్రెంచివాళ్ళ ఫిరంగులు. వీణలు చేసే వీధి మాత్రం ఊరిని ఆనుకుని ఉన్న గొల్లపల్లిలో. అక్కడ ఈ పని సర్వసిద్ధి ఇంటిపేరున్న కుటుంబాలకి తరాల నుంచి వస్తోంది. సంస్థానం రోజుల్లో రాజులు పోషించిన విద్య ఇది.

వీధిలోకి అడుగుపెడితే ముందు వాసన తెలుస్తుంది. పచ్చి పనసకర్ర వాసన. బొబ్బిలి వీణ ప్రత్యేకతంతా ఆ కర్రలో ఉంది. కుండ, దండి, చివర యాళి తల, అన్నీ ఒకే దుంగలోంచి తీస్తారు. అతుకు ఉండదు. అందుకే ఏకాండి వీణ అంటారు. బాగా ముదిరిన పనసచెట్టు కావాలి. దాన్ని వెతికి, కొని, కోసి, తొలిచి, ఇరవైనాలుగు మెట్లు మైనం మీద కూర్చోబెట్టి, ఏడు తీగలు కట్టేసరికి వారాలు పడుతుంది. గిఫ్టు వీణలు దాని పిల్లలు. వాయించడానికి కాదు, చూసుకోవడానికి.

నేను వెళ్ళిన చోట ఒక పెద్దాయన అరుగు మీద కూర్చుని చిన్న వీణలకి నగిషీ చెక్కుతున్నారు. పక్కన ఇలాంటివే ఓ ముప్పై వరసగా ఉన్నాయి.

"ఎవరు బాబూ? ఏ ఊరు?"

"రాజామండి. ఇది మా తాతగారిది. బాగుచేస్తారేమోనని."

ఆయన వీణ అందుకుని తిప్పి చూశారు. తుడవకుండానే బొటనవేలితో యాళి తల తడిమారు. కాసేపు మాట్లాడలేదు.

"ఇది మా పెద్దన్నయ్య సెయ్యి" అన్నారు. "యాళి నోరు చూడు, కాసింత ఎడంపక్కకి తిప్పీవోడు. మేమంతా తిన్నగా చెక్కుతాం. ఆడొక్కడికే ఆ అలవాటు."

నాకు ఒళ్ళు జలదరించింది. పాప్ మార్ట్ డబ్బా మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది, అసలుదా నకిలీదా చెక్ చేసుకోడానికి. ఇక్కడ ఆ పని ఒక బొటనవేలు చేసింది.

"ఎప్పుడు చేశారో తెలుస్తుందాండి?"

"ఆయన పోయి పదేళ్ళయింది. దానికి ముందుదే మరి."

"కింద పేరు, తేదీ రాయరా మీరు?"

"పేరెందుకు బాబూ? బొబ్బిలి వీణంటే సాలదా?"

నా ఐడియా, ఆయన ప్రశ్న

రిపేరు జరుగుతుంటే నాలోని రీసేలర్ ఊరుకోలేదు. గబగబా ప్లాన్ చెప్పేశా. ఏడాదికి వంద గిఫ్టు వీణలే చేయండి. ప్రతిదానికీ నంబరు వేయండి, ఒకటి బై వంద, రెండు బై వంద అని. చేసినవాళ్ళ సంతకం, ఒక కార్డు పెట్టండి. దొరకని వస్తువుకి రేటు దానంతటదే పెరుగుతుంది.

ఆయన ఉలి ఆపకుండానే విన్నారు.

"వందే చేస్తే మిగతా రోజులు ఏటి తింటాం?"

నా దగ్గర జవాబు లేదు. కంపెనీ స్టాకు ఆపగలదు, దానికి బ్యాంకులో డబ్బుంది. ఈ రోజు చెక్కిన వీణ డబ్బుతో ఈ వారం సరుకులు కొనేవాళ్ళు ఆపలేరు. లిమిటెడ్ ఎడిషన్ చేయాలంటే ముందు చేయకుండా కూర్చోగల స్తోమత ఉండాలి. అది నాకు అంతవరకూ తట్టలేదు.

ఇంకో మాట కూడా చెప్పారు. "మీటింగులకి, సన్మానాలకి పెద్ద ఆర్డర్లొస్తాయి. ఆళ్ళు ఏటంటారో తెలుసా? అన్నీ ఒక్కలాగే ఉండాల అంటారు. ఒకటి కాసింత తేడా ఉంటే తీసి పక్కనెట్టీమంటారు."

మేము ఆ కాసింత తేడా కోసమే షట్టర్ల ముందు నిలబడతాం! ఫ్యాక్టరీలో ఒక కారుకి స్టిక్కరు తిరగబడి పడితే 'ఎర్రర్ పీస్' అని ఎక్కువ డబ్బిచ్చి కొంటాం. మెషీన్ తప్పు చేస్తే అరుదు, మనిషి చెయ్యి కొంచెం తిరిగితే రిజెక్టు.

"మీ అబ్బాయి ఈ పనిలో ఉన్నారా?" అడిగా.

"లేదు బాబూ. ఇంజినీరింగు. విశాఖపట్నంలో కంప్యూటరు ఉద్యోగం, నీలాగే." కొంచెం గర్వంగానే చెప్పారు. "మంచిదే కదా?"

మంచిదేనండి అన్నా. ఇంకేమంటా? నేనూ అదే చేశా. తాతయ్య ఊళ్ళో ఉండిపొమ్మని నన్నెవరైనా అంటే ఉండేవాణ్ణా?

పెద్ద వీణకైతే మైనం కావాలట, దీనికి జిగురు చాలన్నారు. కొత్త తీగలు రెండు, మెట్టు ఒకటి. "రెండొందలియ్యి" అన్నారు. ఇచ్చా. నేను అప్పుడు కారు మీద మిగుల్చుకున్న లాభంతో పోలిస్తే అది ఏ మూలకి?

రైల్లో లెక్కలు

నాన్న కారులో మిగతా సామాన్లతో వెళ్ళిపోయారు. నేను సాయంత్రం బొబ్బిలి జంక్షన్లో విజయనగరం వైపు రైలెక్కా. దొంకినవలస, కోమటిపల్లి, గజపతినగరం. కిటికీ బయట మామిడితోటలు, మధ్యమధ్య పనసచెట్లు. ఈసారి చెట్లని చూసే తీరు మారింది. ఇది ఎన్నేళ్ళదో, వీణ అవుతుందో లేదో అని.

ఒడిలో వీణ పెట్టుకుని లెక్క వేశా. ఒక వస్తువుకి రీసేల్ రేటు రావాలంటే అరుదుగా ఉంటే సరిపోదు. ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు అనే రికార్డు ఉండాలి. అసలుదే అనే నమ్మకం ఉండాలి. కావాలనుకునేవాళ్ళు ఒక నలుగురైనా ఒకరికొకరు తెలిసి ఉండాలి. లబుబుకి ఈ మూడూ ఉన్నాయి. తాతయ్య వీణకి ఉన్నది ఒక్కటే: ఎడంపక్కకి తిరిగిన యాళి నోరు. అది తెలిసిన మనిషి గొల్లపల్లి అరుగు మీద ఒకరున్నారు. ఆయన తర్వాత అది ఎవరికీ తెలీదు.

బొబ్బిలి వీణకి భౌగోళిక గుర్తింపు, అదే జీఐ ట్యాగ్ ఉంది కదా అంటారేమో. ఉంది. శ్రీకాకుళం జిల్లా బుడితి ఇత్తడి సామానుకీ ఉంది. పక్కనే అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక లక్క బొమ్మలకీ ఉంది. 2025 రిపబ్లిక్ డే పరేడ్‌లో మన రాష్ట్ర శకటం మీద వెళ్ళినవి ఆ ఏటికొప్పాక బొమ్మలే. ట్యాగ్ గొప్పదే, కానీ అది ఊరి పేరుని కాపాడుతుంది. బయటవాడు బొబ్బిలి పేరు పెట్టి అమ్మకుండా ఆపుతుంది. ఈ ఒక్క బొమ్మ ఎవరి చేతిదో చెప్పదు.

ఒకవేళ రేపు ఈ పని చేసేవాళ్ళు తగ్గిపోయి పాత వీణ బొమ్మలకి నిజంగానే రేటొచ్చిందనుకోండి. లాభం ఎవరికి? షోకేసులో దాచుకున్న నాకు. చెక్కినవాళ్ళకి పైసా రాదు. మన కాపీరైట్ చట్టంలో 53ఎ అని ఒక సెక్షన్ ఉంది. పెయింటింగ్, శిల్పం లాంటి ఒరిజినల్ ఆర్టు పది వేలు దాటి మళ్ళీ అమ్ముడుపోతే, ఆ రేటులో పది శాతం దాకా ఆర్టిస్టుకి వాటా అడిగే హక్కు ఇచ్చారు. కానీ పేరే లేని వస్తువుకి ఆర్టిస్టు ఎవరని వాటా ఇస్తారు? 'పేరెందుకు బాబూ' అన్న మాట రైలంతా నన్ను వదల్లేదు.

విజయనగరంలో దిగి రైలు మారేలోపు గంట టైముంది. ఇది 1919లో సంగీత కళాశాల పెట్టిన ఊరు. ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడు తర్వాత ఆ కుర్చీలో కూర్చున్నారు, ఘంటసాల అక్కడే చదువుకున్నారు. పాడినవాళ్ళ పేర్లు, వాయించినవాళ్ళ పేర్లు మనకి తెలుసు. ఆ వాద్యాలు చేసిన చేతుల పేర్లు చెప్పమంటే ఒక్కటీ నోటికి రాలేదు.

ఒక చిన్న పని

గొల్లపల్లిలో బయల్దేరే ముందు నేను ఒకటి అడిగా. "మీ అన్నయ్యగారి పేరు దీని కింద రాస్తారా?"

ఆయన కాసేపు నావైపు చూశారు. తర్వాత లోపలికెళ్ళి మనవరాలి స్కెచ్ పెన్ తెచ్చి, వీణ తిరగేసి, వణికే అక్షరాలతో అన్నయ్య పేరు, ఊరి పేరు రాశారు. సంవత్సరం దగ్గర ఆగి, "తెలీనిది రాయకూడదు" అని వదిలేశారు.

మీరు ఎప్పుడైనా బొబ్బిలి వీణో, ఏటికొప్పాక బొమ్మో, బుడితి చెంబో కొంటే ఒక్క పని చేయండి. ఎవరు చేశారో అడిగి, పేరు, తేదీ రాయించుకోండి. ఫోన్లో ఒక ఫొటో తీసి పెట్టుకోండి. అర నిమిషం పని. రేటు పెరుగుతుందా అంటే చెప్పలేను. పెరిగిన రోజున కనీసం ఎవరికి వాటా ఇవ్వాలో తెలుస్తుంది.

ఇప్పుడు నా డెస్క్ మీద పన్నెండు బొమ్మలు. మొన్న పక్క టీం కుర్రాడు వచ్చి వీణని చూసి, "బ్రో, కొత్తగా ఉంది.. ఇదేం సిరీస్? ఎన్ని పీసులు?" అన్నాడు.

తిరగేసి పేరు చూపించా. "ఈయనవి ఇంక రావు" అన్నా.