షికాగోలో నల్లచొక్కా మేడ!

షికాగోలో మిషిగన్ సరస్సు ఒడ్డున నడిచేవారి కళ్లు ఓ నల్లటి మేడ మీద ఆగిపోతాయి. 1969లో పూర్తయిన వంద అంతస్తుల జాన్ హాన్‌కాక్ సెంటర్ అది. 2018లో ఆ పేరు తీసేసినా జనం నోట ఇంకా అదే!

ఢాకాలో ఇంజినీరింగ్ చదివిన ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్ దీనికి ఉక్కు అస్థిపంజరం రూపొందించారు. దానిమీద తొడిగిన చొక్కా... నల్లటి అల్యూమినియం. ఆ నలుపు పెయింటు కాదు. అల్యూమినియాన్ని ఆమ్లపు తొట్టెలో ముంచి కరెంటు పంపితే, దాని పైభాగమే గట్టి ఆక్సైడ్ పొరగా మారుతుంది. అదే అనోడైజింగ్. రంగు ఆ పొరలోనే ఉంటుంది కాబట్టి పెచ్చులూడదు. సరస్సు గాలినీ మంచునీ యాభై ఏళ్లకుపైగా అలాగే తట్టుకుంటోంది.

94వ అంతస్తు నుంచి ఊరంతా చూసొచ్చే పర్యటకులు, కిందికి దిగాక ఆ చొక్కానీ ఓసారి తలెత్తి చూడాల్సిందే!