చిమ్నీకి మూడో తీగ

మన గల్లీల్లో ఇప్పుడు వంటింటి చిమ్నీలు పెడుతున్నరు. పెట్టాల్సిందే అని నేనంటాను. విడీ ఘర్కుల్ ఇళ్ళు చిన్నవి. పొయ్యికీ, ఆడవాళ్ళు చాట ఒళ్ళో పెట్టుకొని బీడీలు చుట్టే జాగకూ మధ్య నాలుగడుగులు ఉండదు. పల్లీ చట్నీకి మిరపకాయలు వేయించిన పూట ఇంటిల్లిపాదికీ దగ్గే. తంబాకు ధూళి చాలదన్నట్టు ఈ పొగ ఒకటి. కాబట్టి చిమ్నీని షోకు అనేవాళ్ళతో నేను కలవను. నేను రాసేది దాని కరెంటు సంగతి.

చిమ్నీ తినే కరెంటు తక్కువే. మోటారు సాధారణంగా 150 నుంచి 250 వాట్లు ఉంటది. 230 వోల్టుల మీద లెక్క కడితే ఒక ఆంపియర్ అటూ ఇటూ. మిక్సీ ఇంతకు మూడింతలు లాగుతది. 2,000 వాట్ల ఇండక్షన్ పొయ్యి అయితే 8, 9 ఆంపియర్లు. అందుకే చిమ్నీ అంటే అందరికీ అలుసు. బల్బు హోల్డర్ నుంచి రెండు తీగలు గుంజి, టేపు చుట్టి, "అయిపోయింది" అంటరు. మోటారు తిరుగుతది కూడా. ముప్పు అక్కడే ఉన్నది. ఎర్త్ తీగ ఉన్నా లేకున్నా చిమ్నీ ఒక్కతీరుగనే నడుస్తది. చూస్తే తేడా తెల్వదు.

చిమ్నీ ఒళ్ళంతా ఇనుమూ స్టీలే. దాని కింద నిలబడే మనిషి చేతులు తడిగ ఉంటయి, కాళ్ళకు చెప్పులుండవు, కింద బండ కడిగి ఉంటది. నూనె ఆవిరి, వేడి తగిలి తగిలి లోపల టేపు జారినా, తీగ మీది తొడుగు చిట్లినా ఫేజ్ వచ్చి రేకుకు తగులుతది. ఎర్త్ ఉంటే ఆ కరెంటు ఆకుపచ్చ తీగ పట్టుకొని భూమిలోకి పోతది. లేకపోతే జాలీ తీయబోయిన మనిషిలోంచి పోతది.

మా ఇంట్లో జరిగింది చెప్త. మా కోడలు మిషను కుట్టి భిశీ కట్టింది. భిశీ లేచిన నెలనే చిమ్నీ కొన్నది. దుకాణం నుంచి వచ్చిన పిలగాడు గోడకు బోల్టులు కొట్టి, చిమ్నీ ఎక్కించి, మూడు పిన్నుల ప్లగ్గు కోసేసి రెండు తీగలే బల్బు పాయింటుకు కలపబోయిండు. నేను చెయ్యి అడ్డం పెట్టిన. "ఎర్త్ లేకపోతే ఏం కాదు కాకా, అందరిండ్లల్ల ఇట్లనే పెట్టినం" అన్నడు. నేను కరెంటు పని నేర్చినోణ్ణి కాదు, నాలుగో తరగతి దాకనే చదివిన. కానీ ముప్పై ఏండ్లు సాంచాల నడుమ తిరిగిన. మోటారు ఒంటికి ఎర్త్ పట్టీ ఊడితే జాబర్ సాంచా ఆపిచ్చేటోడు, మీటర్లు పోయినా సరే. ఇనుప సాంచాకు చెమట చెయ్యి తగుల్తదని వాళ్ళకు ఎరుక. ఇంట్లో తడి చెయ్యికి అంత విలువ లేదా?

వైర్మన్ దొరికేదాకా పన్నెండు రోజులు చిమ్నీ ఊరికే వేలాడింది. వచ్చిన చుట్టాలంతా "నడుస్తలేదా?" అని అడిగేటోళ్ళు. కోడలు మొహం మాడ్చుకున్నది. "కట్టుకోనియ్యని చీర కొనిచ్చినట్టుంది మామయ్యా" అన్నది. ఆ మాట నాకు తగలకపోలేదు. పైసలు ఆమె కష్టం. అయినా నేను దిగలేదు.

లైసెన్సు ఉన్న వైర్మన్ వచ్చి మొదట బోర్డు విప్పిండు. సాకెట్‌కు మూడు బొక్కలున్నయి గానీ పై బొక్క వెనక తీగే లేదు. ఆకుపచ్చ తీగ తెగి గోడలోనే మిగిలింది. మీరు మీ ఇంట్లో మొదట చూపించుకోవాల్సింది ఇదే. మూడు బొక్కలు కనబడగానే ఎర్త్ ఉన్నట్టు కాదు. మీటరు దాకా మహావితరణ వాళ్ళ పని, మీటరు దాటినాక వైరింగు మన బాధ్యత. 2006లో కుంభారి దగ్గర గోదూతాయి పరుళేకర్ ఘర్కుల్‌లో బీడీ కార్మిక ఆడవాళ్ళకు 10,000 ఇళ్ళు వచ్చినయి. వాటికి కూడా ఇరవై ఏండ్లు కావస్తున్నయి. అప్పుడు మన ఇండ్లల్ల బల్బు, ఫ్యాను, టీవీ. ఇప్పుడు ఫ్రిజ్, మిక్సీ, హీటర్, ఆపైన చిమ్నీ. ఇండ్లు పాతవైనయి, సామాను పెరిగింది.

ఆయన చేసిన పని వరుసగా రాస్తున్న. మీ ఇంట్ల చేసేటోణ్ణి అడగడానికి పనికొస్తది.

మెయిన్ స్విచ్ ఆపి, కరెంటు లేదని టెస్టర్‌తో చూసుకున్నంకనే బోర్డు ముట్టిండు. బల్బు పాయింటు నుంచి కాకుండ బోర్డు నుంచే చిమ్నీకి వేరే పాయింటు గుంజిండు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలు, 6 ఆంపియర్ల మూడు పిన్నుల సాకెట్. సాకెట్‌ను పొయ్యికి నేరుగా పైన పెట్టలేదు, పక్కకు జరిపి చెయ్యి అందే ఎత్తుల పెట్టిండు. పొయ్యికీ చిమ్నీకీ నడుమ 65 నుంచి 75 సెంటీమీటర్లు ఉండాలె, దానితో వచ్చిన కాగితంలో ఎంత రాస్తే అంత. స్విచ్ ఫేజ్ మీదనే పెట్టిండు. న్యూట్రల్ మీద పెడితే స్విచ్ ఆపినా చిమ్నీ లోపల కరెంటు ఉంటది.

రంగుల సంగతి కార్ఖానాల పని చేసే పిలగాళ్ళు బాగా వినాలె. సాంచా త్రీ ఫేజ్‌లో ఎరుపు, పసుపు, నీలం మూడూ ఫేజులే. చిమ్నీ తాడులో నీలం న్యూట్రల్. గోధుమ రంగుది ఫేజ్, ఆకుపచ్చ మీద పసుపు చారలది ఎర్త్. ఇంటి గోడలో ఎరుపు ఫేజ్, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్. రంగు చూసి నమ్మొద్దు, టెస్టర్ పెట్టి చూసినాకనే కలపాలె.

ఎర్త్ కోసం ఇంటి పక్కన గుంత తవ్వి పైపు దింపి, బొగ్గు, ఉప్పు వేసి పూడ్చిండు. ఎండాకాలంల మన సోలాపూర్ నేల ఎట్ల ఎండుతదో తెలుసు. ఎండిన నేల కరెంటును తొందరగ తీసుకోదు, అందుకే ఆ గుంతల అప్పుడప్పుడు బకెట్ నీళ్ళు పోస్తున్నం. కొందరు ఎర్త్‌ను నల్లా పైపుకు కడ్తరు. ప్లాస్టిక్ పైపైతే అది ఎర్తే కాదు, ఇనుప పైపైతే పక్కింటి నల్లాకు షాకు. ఇంకొందరు సాకెట్‌లోనే న్యూట్రల్‌ను ఎర్త్‌కు కలుపుతరు. న్యూట్రల్ ఎక్కడన్నా తెగిందంటే చిమ్నీ ఒళ్ళంతా కరెంటు పాకుతది. ఈ రెండూ చేయనియ్యొద్దు.

"ఎంసీబీ ఉన్నది కదా" అంటరు. ఎంసీబీ తీగ కాలకుండ కాపాడేది, మనిషి కోసం పెట్టింది కాదు. ఎర్త్ బాగలేక 20 ఓములు అడ్డం ఉన్నదనుకోండి, పోయే కరెంటు పదకొండున్నర ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీ దానికి పడనే పడదు. మనిషికి కావాల్సింది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే ఒక ఆంపియర్‌ను నూరు పాళ్ళు చేస్తే అందులో మూడు పాళ్ళు. అది ఎట్ల పని చేస్తదో మన ఆడవాళ్ళకు చెప్పడం సులువు. కంపెనీల ఆకు, తంబాకు తూకం వేసి ఇస్తరు. తెచ్చిన బీడీలు ఆ లెక్కకు తక్కువైతే ఊకుంటరా? ఆర్‌సీసీబీ గుమాస్తా కూడా అంతే. ఫేజ్‌లో పోయిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సరి చూస్తది. కొంచెం తక్కువ వచ్చిందంటే ఎక్కడో కారుతుందని టక్కున ఆపేస్తది. ఎర్త్ బాగుంటే మనిషి ముట్టకముందే పడిపోతది, ఎర్త్ లేకపోతే మనిషి ముట్టినాకనే పడ్తది. అందుకే రెండూ కావాలె.

అన్నీ అయినంక చిమ్నీ పెడితే చక్కగ నడిచింది. కోడలు తాలింపు వేసి చూసింది, ఘాటు పైకే పోయింది. కిటికీ కొంచెం తెరిచి పెట్టమన్నడు, లోపలికి గాలి రాకపోతే చిమ్నీ బయటికి ఏం పంపుతది? పైపు బయటి కొసకు కొంచెం వాలు ఇచ్చిండు, వానకు నీళ్ళు మోటారులోకి రాకుండ.

తెల్లారి పొద్దున స్నానాల వేళ అదే బోర్డుకు నీళ్ళు కాగబెట్టే రాడ్ ప్లగ్గు పెట్టంగనే ఇంట్ల కరెంటు పోయింది. ఆర్‌సీసీబీ పడింది. మళ్ళ లేపితే మళ్ళ పడింది. వైర్మన్ వచ్చి చూసి, తప్పు చిమ్నీది కాదు, రాడ్‌ది అన్నడు. రాడ్ లోపల పగిలి కరెంటు కారుతున్నది. ఎన్నాళ్ళ నుంచో తెల్వదు. ఇన్నాళ్ళు ఎర్త్ తీగ లేదు కాబట్టి అది పోవడానికి తోవ లేదు. ఆ బకెట్‌ల చెయ్యి పెట్టి నీళ్ళు కాగినయా అని చూసేది మా మనుమరాలు. కోడలు ఆ రాడ్ తీసుకపోయి బయట పారేసింది. ఆ పన్నెండు రోజుల మాట మళ్ళ ఎత్తలేదు.

చిమ్నీ కొనేటప్పుడే ఎర్త్‌కూ ఆర్‌సీసీబీకీ పైసలు పక్కకు పెట్టుకోండి.  జాలీ కడిగే రోజు స్విచ్ ఆపి ఊరుకోకుండ ప్లగ్గే తీయండి. నెలకోసారి ఆర్‌సీసీబీ మీద "టి" అని ఉన్న గుండీ నొక్కండి. నొక్కంగనే పడాలె. పడకపోతే ఆ దినమే వైర్మన్‌ను పిలవండి. మా ఇంట్ల ఆ గుండీ నొక్కే పని ఇప్పుడు కోడలిదే. బీడీ మజూరీ వచ్చిన రోజు నొక్కుతది, అట్లయితే మరిచిపోదట.