బ్రో, పాస్‌వర్డ్ ఏంటి?

ఈఏ స్పోర్ట్స్ వాళ్ల క్రికెట్ 07 వచ్చింది 2006 నవంబరులో. ఆ వరసలో మళ్లీ ఇంకో ఆట రాలేదు. ఐపీఎల్ అప్పటికింకా పుట్టలేదు. లైసెన్సు లేని పాపానికి మన జట్టు వాళ్లకు సొంత పేర్లు కూడా లేవు. మామూలుగా అయితే ఇలాంటి ఆట రెండు మూడేళ్లలో అటకెక్కాలి. కానీ ఇవాళ్టికీ ఏ ఇంజినీరింగ్ కాలేజీ హాస్టల్‌కి వెళ్లినా ఏదో ఒక గదిలో, గ్రాఫిక్స్ కార్డు లేని పాత లాప్‌టాప్ మీద, దాన్ని ఆడేవాడు ఒకడు దొరుకుతాడు. ఆడేది 2006 జట్లతో కాదు. ఈ ఏటి ఐపీఎల్ జట్లతో, ఈ ఏటి జెర్సీలతో, ఈ ఏటి స్పాన్సర్ల బొమ్మలతో. మారనిది వ్యాఖ్యానం ఒక్కటే. ఆ వ్యాఖ్యానం చెప్పిన రిచీ బెనో 2015లో కన్నుమూశారు. ఆయన గొంతు మాత్రం, ఆయన ఎన్నడూ చూడని కుర్రాళ్ల సిక్సర్లను అదే నింపాదితో మెచ్చుకుంటూనే ఉంది.

ఈ ఆటను బతికించింది కంపెనీ కాదు, అభిమానులు సొంతంగా తయారుచేసి ఆటకు అతికించే ప్యాచ్‌లు. ప్యాచ్‌లు చేసేవాళ్లు మనదేశంలో ఉన్నారు, పాకిస్తాన్‌లో, బంగ్లాదేశ్‌లో, శ్రీలంకలో ఉన్నారు. ఎక్కువమంది కాలేజీ పిల్లలు. జీతం లేదు, చాలామందికి పేరూ లేదు. ఒకడు ముఖాలు చేస్తాడు, ఒకడు బ్యాట్లు, ఒకడు స్టేడియాలు. ఇంకొకడు అవన్నీ ఒకచోట చేర్చి, జట్ల జాబితా అతికించి, జిప్ చేసి వదులుతాడు.

మా మేనల్లుడు ఆ చివరి రకం. నరసరావుపేటలో ఉంటాడు, బీటెక్ చదువుతున్నానంటాడు. ఐపీఎల్‌కి ముందు నెల వాణ్ణి చదువు సంగతి అడగకూడదు. జెర్సీ అంటే వాడి తెర మీద చొక్కాలా కనిపించదు. ముందు భాగం, వెనక భాగం, చేతులు విడదీసి పరిచేసిన ఒక చదరపు బొమ్మ, అంతే. మొన్న సన్‌రైజర్స్ చొక్కా మీద కూర్చున్నాడు. టీవీలో కనిపించే నారింజ వేరట, ఆటలో ఫ్లడ్‌లైట్ల కింద కనిపించే నారింజ వేరట. ఒక రంగు పోస్తాడు, ఆట తెరుస్తాడు, ఓ ఓవరు ఆడతాడు, మూసేసి ఎరుపు కాస్త తగ్గిస్తాడు, మళ్లీ తెరుస్తాడు. రంగు కుదిరిందనుకునేసరికి చంక కింద కుట్టు దగ్గర స్పాన్సర్ పేరులో ఒక అక్షరం సగం ముందుకీ సగం వెనక్కీ పడింది. దాన్ని సర్దేసరికి తెల్లారింది. మా అక్క కాఫీ పెట్టి ఇచ్చింది, పరీక్షలకు చదువుతున్నాడనుకుని.

ప్యాచ్ వదిలాడు. డౌన్‌లోడ్ల లెక్క వందలు దాటి వేలల్లో పడింది. వచ్చిన మాటలు చూపించాడు. 'బ్రో, పాస్‌వర్డ్ ఏంటి?' 'లింక్ ఓపెన్ అవట్లేదు.' 'రెండు జీబీ ర్యామ్‌లో వస్తదా?' 'నెక్స్ట్ అప్‌డేట్ ఎప్పుడు బ్రో?' ఒకడు మాత్రం కోపంగా, 'పేర్లు మారలేదు, ఫేక్ ప్యాచ్' అని రాశాడు. జట్ల పేర్లుండే రోస్టర్ ఫైలును ఆట ఫోల్డర్లో కాదు, డాక్యుమెంట్స్‌లో వెయ్యాలి. ప్యాచ్‌తో పాటు ఇచ్చే రీడ్‌మీ ఫైల్లో మొట్టమొదటి వాక్యమే అది. రీడ్‌మీ చదివిన మనిషిని నేనింతవరకూ చూడలేదనుకోండి, అది వేరే సంగతి.

"ఆ నారింజ గురించి ఒక్కడూ అనలేదు మామయ్యా" అన్నాడు.

వాడికి కావలసింది పొగడ్త అనుకోవడం తేలిక. పొగడ్తలు వస్తూనే ఉంటాయి, 'సూపర్ బ్రో' అని, పక్కన మూడు మంటల బొమ్మలతో. వాటికి వాడు ఉబ్బిపోడు. "సూపరంటే ఏది సూపర్?" అంటాడు. వాడి ఇబ్బంది వేరు. అదే ఓవరు అన్నిసార్లు తెరిచి మూశాక వాడి కంటికి ఇక ఆ చొక్కా కనిపించదు, చేసిన సర్దుళ్లే కనిపిస్తాయి. మొదటిసారి చూసేవాడికి అది ఎలా ఉందో తెలియాలంటే మొదటిసారి చూసినవాడే చెప్పాలి. ఆ చెప్పేవాడు ఉలకడు, పలకడు. మౌనం అర్ధాంగీకారం అన్నారు కానీ, ఇక్కడ నచ్చి ఆడుకుంటున్నవాడి మౌనమూ, పది నిమిషాల్లో విసుగొచ్చి తీసిపారేసినవాడి మౌనమూ ఒకేలా ఉంటాయి. డౌన్‌లోడ్ల అంకె ఇద్దరినీ కలిపే లెక్కపెడుతుంది.

జనానికి కృతజ్ఞత లేదని ఈ పని చేసేవాళ్లు వాపోతుంటారు. నాకలా అనిపించదు. నేను ఆడేవాణ్ణి కాదు, వెనక నిలబడి చూసేవాణ్ణి. హాస్టల్ గదిలో ప్యాచ్ మొదటిసారి తెరిచినప్పుడు చూడాలి. "ఒరే, ఉప్పల్ రా, అచ్చం ఉప్పలే!" అని ఒకడు అరుస్తాడు. పక్క మంచం మీదివాడు లేచొచ్చి, ఆ స్టాండు కప్పు అలా ఉండదని వాదిస్తాడు. ఇంతకన్నా మంచి అభిప్రాయం ఎక్కడ దొరుకుతుంది? కాకపోతే అది చేరేది పక్క మంచానికి. అరిచినవాడు ఆట ఆపి, మెసేజ్ పెట్టె తెరిచి, ఆ వాదనంతా ఇంగ్లీషులోకి మార్చి, ఎవరో తెలియని మనిషికి రాస్తాడా? పాస్‌వర్డ్ అడగడానికి రెండు ముక్కల ఇంగ్లీషు చాలు, పైగా అది లేకపోతే ప్యాచ్ జిప్ తెరుచుకోదు. సంతోషపడ్డవాడికి రాయాల్సిన అవసరం లేదు. తలుపు దగ్గర ఆగిపోయినవాడికే ఉంది.

ఇంకో చిక్కు. ఆ గదికి ప్యాచ్ వచ్చింది పెన్‌డ్రైవ్‌లో. పెన్‌డ్రైవ్ ఇచ్చినవాడికి అది ఎవరో యూట్యూబ్ చానల్ నడిపే కుర్రాడి దగ్గర దొరికింది. ఆ చానల్ కుర్రాడు రీడ్‌మీ పీకేసి, మొదటి తెర మీద తన పేరు వేసుకున్నాడు. ఇప్పుడు ఉప్పల్‌ని మెచ్చుకున్నవాడు నిజంగానే నాలుగు మాటలు రాద్దామనుకున్నా ఎవరికి రాయాలి?

ఈ విషయంలో పాతకాలం వాళ్లు నయం. 1993 డిసెంబరులో ఇడ్ సాఫ్ట్‌వేర్ డూమ్ ఆటను వదిలినప్పుడు మ్యాపులూ బొమ్మలూ శబ్దాలూ అన్నీ అసలు ప్రోగ్రాంలో కలిపేయకుండా, వ్యాడ్ అనే విడి ఫైల్లో పెట్టింది. నెలలు తిరక్కముందే అభిమానులు సొంత మ్యాపులు గీసుకునే పనిముట్లు తయారుచేసుకున్నారు. ఆ మ్యాపులను భద్రపరిచే చోట ఒక పద్ధతి ఉండేది. ప్రతి వ్యాడ్‌తో పాటు ఒక టెక్స్ట్ ఫైలు ఉండాలి, అందులో గళ్లు పూరించాలి: పేరు, చేసినవారు, ఈమెయిలు, వాడిన ఎడిటర్, ఎవరెవరికి ధన్యవాదాలు. చివర్లో రెండు గళ్లు నాకు మరీ ఇష్టం. చేయడానికి పట్టిన సమయం ఒకటి, తెలిసిన లోపాలు రెండోది. తన లోపాలు తానే రాసిపెట్టినవాడికి ఇంకో లోపం దొరికితే చెప్పాలని ఎవరికైనా అనిపిస్తుంది కదా. చిరునామా కూడా పక్కనే ఉంది. ముప్పై ఏళ్ల కిందటి మ్యాపులకు కూడా ఆ కాగితం ఇంకా అంటిపెట్టుకునే ఉంది.

మన ఇంటర్నెట్ సెంటర్లలో ఒక తరమంతా ఆడిన కౌంటర్-స్ట్రైక్ కూడా మొదట ఇలాంటి సొంత తయారీయే. మిన్ లీ అనే విద్యార్థి, జెస్ క్లిఫ్ అనే స్నేహితుడు కలిసి హాఫ్-లైఫ్ ఆట మీద కట్టారు. 1999లో బీటా తర్వాత బీటా వదులుతూ పోయారు. ఆడినవాళ్లు ఏ తుపాకీ అన్యాయంగా ఉందో అరిచి చెబితే తర్వాతి బీటాలో సర్దడం, మళ్లీ అరుపులు. 2000లో వాల్వ్ కంపెనీ దాన్ని తీసుకుంది. అమీర్‌పేటలో గంటలెక్కన డబ్బులు కట్టి ఆడినవాళ్లలో ఈ సంగతి ఎందరికి తెలుసు?

కంపెనీలు ఈ మౌనానికి మందు కనిపెట్టకపోలేదు. నక్షత్రాలు, బొటనవేళ్లు, హృదయాలు. నా మటుకు నాకు అవి మందుకన్నా జబ్బుకే దగ్గర. 2015 సెప్టెంబరులో నింటెండో తన వీ యూ ఆటల యంత్రం మీద సూపర్ మారియో మేకర్ తెచ్చింది. ఎవరైనా మారియో ఆటకు సొంత కోర్సు కట్టి, తానొకసారి గెలిచి చూపించి, ప్రపంచానికి వదిలే వీలుండేది. మొదట్లో పది కోర్సులకే అనుమతి. ఇతరులు నక్షత్రాలిస్తే ఆ పరిమితి పెరిగేది. ఇంకేం, నువ్వు నాకు చుక్క వేస్తే నేను నీకు వేస్తాననే బేరాలు మొదలయ్యాయి. ఆడేవాడు మీట ముట్టుకోకుండా నిలబడితే చాలు, మారియో తనంతట తానే ఎగిరి దూకి గట్టెక్కే కోర్సులు పుట్టుకొచ్చాయి. చూడముచ్చటగానే ఉంటాయి. ఎవరూ ఓడరు, ఎవరికీ కోపం రాదు, చుక్కలు బోలెడు. చెమటోడ్చి కష్టమైన కోర్సు కట్టినవాడు మాత్రం నక్షత్రాలు లేక నలుగురికీ కనబడకుండా పోయాడు.

అదే ఆటలో ఇంకో చిన్న ఏర్పాటు ఉండేది. దాన్ని ఆలోచించినవాడికి దండం పెట్టాలి. కోర్సులో మీ మారియో చచ్చిపోయినప్పుడు, మీకు ముందు ఆడినవాళ్లు ఎక్కడెక్కడ చచ్చారో అక్కడ ఎక్స్ గుర్తులు పడేవి. కట్టినవాడు తన కోర్సు తానే ఆడి చూసుకున్నా అవి కనిపించేవి. ఒక గుంట అంచున గుట్టలుగా ఎక్స్‌లుంటే ఆ గెంతు దుర్మార్గమని అర్థం. మొదటి మలుపు దగ్గరే ఉండి తర్వాత ఒక్కటీ లేకపోతే అక్కడే జనం విసిగి వెళ్లిపోయారన్నమాట. ఎవరూ నోరు విప్పనక్కర్లేదు, మర్యాదకు అబద్ధం ఆడనూ అక్కర్లేదు. పెళ్లిళ్లకు వండే చెయ్యి తిరిగిన వంటవాడు భోజనాలు ఎలా ఉన్నాయని ఎవరినీ అడగడు. ఎత్తేసే విస్తళ్ల దగ్గర కాసేపు నిలబడతాడు, ఏ కూర మిగిలిందో చూసుకుంటాడు.

కోర్సు మధ్యలో ఆటగాళ్లు వదిలిన మాటలు కూడా అక్కడక్కడా తేలుతూ కనిపించేవి. అవి నింటెండో వాళ్ల మీవర్స్ అనే సేవ ద్వారా నడిచేవి. 2017 నవంబరులో ఆ సేవ మూసేశారు. మాటలన్నీ పోయాయి. ఎక్స్‌లు మిగిలాయి.

కట్టేవాళ్లు మాత్రం అన్నీ చెబుతారా అంటే అదీ లేదు. అదే మారియో మేకర్‌కి 2021 మార్చి ఆఖరున కొత్త కోర్సులు వదిలే వీలును నింటెండో తీసేసింది. సర్వర్లనే 2024 ఏప్రిల్ 8న మూసేస్తామని ముందుగానే ప్రకటించింది. అప్పటికి, ప్రపంచంలో ఎవరూ గెలవని కోర్సు ఒక్కటి కూడా మిగలకుండా చేయాలని టీమ్ జీరో పర్సెంట్ అనే గుంపు ఏళ్లుగా ఆ పని మీదే ఉంది. ఎవరో ఎప్పుడో కట్టి, చుక్క పడక, మాట రాక వదిలేసిన కోర్సులను ఒక్కొక్కటే వెతికి గెలుస్తూ వచ్చారు. చివరికి 2017 నాటి కోర్సు ఒకటి కొరకరాని కొయ్యలా మిగిలింది. పేరు ట్రిమ్మింగ్ ద హెర్బ్స్. కొన్ని సెకన్ల కోర్సే. ఎందరో దాని మీద గంటలకు గంటలు ధారపోశారు. గడువు దగ్గర పడ్డాక దాన్ని కట్టిన మనిషి బయటికొచ్చి, తాను చేత్తో గెలవలేదని, యంత్రం సాయంతో మీటలు నొక్కించి ఎక్కించానని ఒప్పుకున్నాడు. ఏడేళ్లుగా ఆటగాళ్లు ఎక్స్‌ల మీద ఎక్స్‌లు పంపుతూనే ఉన్నారు, జవాబివ్వనిది ఇవతలి మనిషి. విచిత్రమేమిటంటే, అది లెక్కలోకి రాదని తేలిపోయాక కూడా జనం ఆడటం మానలేదు. ఏప్రిల్ 5న ఒకడు దాన్నీ చేత్తోనే గెలిచాడు.

ఈ కథ మా మేనల్లుడికి చెప్పాను. విని నవ్వాడు. నాకో అనుమానం వచ్చి అడిగాను:

"ఒరే, నీ ప్యాచ్‌లో బ్యాట్లు నువ్వు చేసినవేనా?"

"కాదు మామయ్యా, లాహోర్‌లో ఒకతను చేస్తాడు. మూడేళ్లుగా అతనివే వాడుతున్నా. అతను చేసినట్టు ఎవరూ చెయ్యలేరు."

"ఆ మాట అతనికి ఎప్పుడైనా రాశావా?"

వాడు తల గోక్కున్నాడు. నేను బస్సెక్కి వచ్చేశాను. మర్నాడు రాత్రి ఫోన్ చేసి, రాశానన్నాడు. ఏం రాశావురా అంటే, బ్యాట్ల ప్యాక్‌లో నాలుగో బ్యాటుకి వెనక స్టిక్కర్ తలకిందులుగా ఉంది, చూసుకో అని రాశాడట.

"బాగున్నాయని రాయలేకపోయావా?"

"సిగ్గేసింది మామయ్యా. అయినా అతను వెంటనే జవాబిచ్చాడు. ఆ నాలుగో బ్యాటు దాకా చూసినవాణ్ణి నేనే మొదటివాణ్ణట."