జూరా అడవిలో ఒక వేట

అమెరికాలోని బోస్టన్ నగరానికి వెళ్లినవారు అక్కడి ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో కాసేపు ఫ్రాన్సు అడవిలో నిలబడి రావచ్చు. 1857లో పారిస్ ప్రదర్శనకు వచ్చిన గుస్తావ్ కూర్బే చిత్రం ఇప్పుడు అక్కడ వున్నది.

ఫ్రాన్సుకు తూర్పున, స్విట్జర్లండు సరిహద్దున జూరా కొండలున్నాయి. ఆ ప్రాంతంలోని ఓర్నాన్‌లో 1819లో పుట్టిన కూర్బే, స్వయంగా తుపాకీ పట్టి అడవులు తిరిగిన వేటగాడు.

పటం దాదాపు ఏడడుగుల ఎత్తు. అందులో చచ్చిన జింక చెట్టుకు తలక్రిందులుగా వేలాడుతున్నది. ఎర్రచొక్కా నౌకరు కూర్చుని కొమ్ముబూర వూదుతున్నాడు. రెండు కుక్కలు కాచుకుని వున్నాయి. వేట ముగిశాక కుక్కలకు వాటా వేసే తంతును ఫ్రెంచివారు ‘క్యూరే’ అంటారు. పటం పేరూ అదే.

మరి వేటగాడో? నీడలో చెట్టుకు చేరగిలబడి, చేతులు కట్టుకుని, ఏదో ఆలోచనలో మునిగినట్లున్నాడు. గెలిచిన సంబరం మచ్చుకైనా లేదు. ఆ ముఖం ఎవరిదనుకున్నారు? సాక్షాత్తు కూర్బేదే!

1866లో బోస్టన్‌లోని ఆల్‌స్టన్ క్లబ్బువారు ఐదువేల డాలర్లకు ఈ పటం కొన్నారు. 1918లో మ్యూజియం చేరింది. తుపాకీ మోత అణగిన తరువాత వేటగాడి మనసులో ఏముంటుందో, వేటగాడే బొమ్మ గీసి మన ముందుంచాడు. మెచ్చుకోవడమా, జాలిపడడమా అన్నది మాత్రం చూసేవారికే వదిలేశాడు.