పాత సిస్టంకు లైనక్స్: నర్సీపట్నంలో ఒక రిపేరు బల్ల

పదేళ్లు దాటిన కంప్యూటర్లు మూలన పడేది చాలాసార్లు యంత్రం చెడిపోయి కాదు, దాని మీద నడిచే ఓఎస్‌కు కాలం చెల్లి. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14న ఆగిపోయింది. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 వేయాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసరైతే దాదాపుగా ఎనిమిదో తరానిదో ఆ తర్వాతదో కావాలి. అంతకన్నా పాత సిస్టంలలో చాలావాటికి మదర్‌బోర్డు, ప్రాసెసర్ నిక్షేపంగా ఉంటాయి. వాటిని మళ్లీ పనిలో పెట్టే దారి లైనక్స్.

అనకాపల్లి జిల్లాలోని నర్సీపట్నం ఏజెన్సీకి ముఖద్వారం లాంటి ఊరు. చింతపల్లి, కొయ్యూరు వైపు వాళ్లకు సంతైనా ఆసుపత్రైనా రిపేరైనా మొదట ఇక్కడే. విశాఖపట్నం దాకా సీపీయూను మోసుకెళ్లే ఓపిక లేనివాళ్లు అబీద్ సెంటర్ చుట్టుపక్కల షాపుల్లో దించిపోతారు. అలాంటి ఒక షాపులో నేను చూసిన పని ఇది. పేరుకు ఓఎస్ మార్చడమే గాని, ఓఎస్ వంతు వచ్చేసరికి సగం పని అయిపోయే ఉంటుంది.

బల్ల మీదికి వచ్చిన సీపీయూ ఒక హైస్కూలు మాస్టారిది. రెండో తరం ఐ3 ప్రాసెసర్, 2 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. మూత తీసి బ్లోయర్‌తో దుమ్ము ఊదేశాక ర్యామ్‌ను బయటికి లాగి, దాని బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో రుద్దుతారు. స్క్రీన్ మీద బొమ్మ రాని సిస్టంలలో కొన్ని ఈ ఒక్క పనితోనే లేచి కూర్చుంటాయి. తర్వాత సీఆర్2032 బటన్ బ్యాటరీ. అది అయిపోతే కరెంటు తీసిన ప్రతిసారీ తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. తేదీ తప్పితే బ్రౌజర్ బ్యాంకు సైటునూ తెరవదు, యూట్యూబునూ తెరవదు. నెట్ పాడైందనుకుని రూటర్ మార్చేసేవాళ్లూ లేకపోలేదు.

ఆపైన హార్డ్ డిస్క్. పెన్‌డ్రైవ్ నుంచి లైనక్స్‌ను లైవ్‌గా నడిపితే లోపల ఏదీ చెరగకుండానే డిస్క్ ఆరోగ్యం చూడొచ్చు. డిస్క్ తన ఆరోగ్యాన్ని తానే నమోదు చేసుకునే స్మార్ట్ పట్టికలో రీఅలొకేటెడ్ (చెడిపోయి పక్కన పెట్టిన) సెక్టార్ల లెక్క సున్నా దాటి పెరుగుతూ పోతుంటే ఆ డిస్క్ మీద కొత్తగా ఏ ఓఎస్ ఎక్కించినా దండగే. ముందు ఫైళ్లు వేరే డిస్క్‌లోకి తీసి, దాని స్థానంలో సాటా ఎస్‌ఎస్‌డీ వేయాలి. నిజానికి డిస్క్ బాగున్నా ఈ మార్పు చేయించడం మేలు. పాత సిస్టం వేగంలో వచ్చే తేడా లైనక్స్ వల్ల కొంతైతే, ఎస్‌ఎస్‌డీ వల్ల అంతకు మించి ఉంటుంది. ఈ సంగతి చెప్పకుండా ఘనతంతా లైనక్స్‌కే కట్టబెట్టేవాళ్ల మాట సగమే నమ్మాలి.

“మాస్టారూ, దీంట్లో మీకు ఏటి పనుంటాదండి?” అన్నది షాపు కుర్రాడు తప్పకుండా అడిగే ప్రశ్న. ప్రశ్నపత్రాలు టైపు చేయడం, పిల్లలకు వీడియో పాఠాలు చూపించడం, అప్పుడప్పుడు ప్రింటు అని మాస్టారి జవాబు. ఈ జవాబును బట్టే లైనక్స్ పనికొస్తుందా లేదా అన్నది తేలుతుంది. ట్యాలీతో లెక్కలు రాసే కొట్టుకూ, పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో శుభలేఖలు కొట్టే డీటీపీ సెంటరుకూ ఇది సరిపడదు. ఆ సాఫ్ట్‌వేర్లు విండోస్ కోసం రాసినవి. వేలిముద్ర యంత్రాలు వాడే సేవా కేంద్రాలైతే తమ యంత్రానికి లైనక్స్ డ్రైవర్ ఉందో లేదో ముందే చూసుకోవాలి. ప్రింటర్ల కథ వేరు. జిరాక్స్ షాపుల్లో తరచు కనిపించే హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 పనిచేస్తుంది గాని, దానికి హెచ్‌పీ వారి ప్లగిన్ విడిగా దింపాలి. ఆన్ చేసినప్పుడల్లా ఫర్మ్‌వేర్‌ను కంప్యూటరే దానికి అందించాలి. క్యానన్ ఎల్‌బీపీ 2900కు డ్రైవర్ ఉన్నా ఎక్కించడం తలనొప్పి.

ఏ లైనక్స్ అన్నది ఆ తర్వాతి మాట. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు, 1991లో హెల్సింకి విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన కెర్నల్ కలిసి పెరిగిన వ్యవస్థ ఇది. ఎవరైనా వాడొచ్చు, మార్చొచ్చు, పంచొచ్చు. అందుకే రకాలు వందల్లో ఉన్నాయి. హైదరాబాదు కేంద్రంగా 2005లో మొదలైన స్వేచ్ఛ సంస్థ తెలుగులో పలికే ఓఎస్‌ను డెబియన్ ఆధారంగా తయారుచేసింది. ఇంజినీరింగ్ విద్యార్థులే అందులో ఎక్కువగా పనిచేశారు. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ తెచ్చిన బాస్ లైనక్స్ కూడా డెబియన్ బిడ్డే. షాపుల్లో మాత్రం ఎక్కువగా చేతికొచ్చేవి లైనక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ, లుబుంటు. విండోస్‌కు అలవాటుపడిన చేతికి మింట్ మెనూ కొత్తగా అనిపించదు. 2024లో వచ్చిన మింట్ 22కు 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. దానికి కనీసం 2 జీబీ ర్యామ్ కావాలి, 4 ఉంటే హాయి.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. సిస్టంలో 32 బిట్ విండోస్ ఉంది కాబట్టి ప్రాసెసర్ కూడా 32 బిట్‌దే అనుకుంటారు. కోర్ 2 డ్యుయో నాటి నుంచే డెస్క్‌టాప్ ప్రాసెసర్లు 64 బిట్ ఓఎస్‌ను నడపగలవు. నిజంగా 32 బిట్‌దే అయితే దారులు మూసుకుపోతున్నాయి: 2025లో వచ్చిన డెబియన్ 13 అలాంటి పీసీలకు ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేసింది. యాంటిఎక్స్ లాంటి తేలికపాటివి కొన్నే మిగిలాయి.

మాస్టారి సీపీయూలో ఇంకో 2 జీబీ డీడీఆర్3 ర్యామ్, ఎస్‌ఎస్‌డీ పడ్డాయి. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి, వైఫై, సౌండ్, స్క్రీన్ లైవ్‌లోనే సరిచూశాకే ఇన్‌స్టాల్ నొక్కారు. కొన్ని బ్రాడ్‌కామ్ వైఫై చిప్‌లకు డ్రైవర్ నెట్ నుంచి దింపితే గాని వైఫై రాదు, వైఫై ఉంటే గాని నెట్ రాదు. ఈ ముడి విప్పడానికి ఫోన్‌ను కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే చాలు.

తెలుగు విషయంలో లైనక్స్‌కు పేరు పెట్టనక్కర్లేదు. లోహిత్ తెలుగు, పోతన, వేమన ఫాంట్లు రిపోజిటరీలోనే దొరుకుతాయి. టైపింగు పద్ధతులు మార్చుకునే ఐబస్‌కు ఎం17ఎన్ జోడిస్తే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్‌తో పాటు ఆపిల్ కీబోర్డు కూడా వస్తుంది. అను స్క్రిప్ట్‌లో ఆపిల్ లేఅవుట్‌కు వేళ్లు అలవాటైనవాళ్లకు ఇది పెద్ద ఊరట. కొట్టేది అదే తీరు, పడేది యూనికోడ్. పాత అను ఫైళ్లు మాత్రం అలాగే తెరుచుకోవు. వాటిని యూనికోడ్‌లోకి మార్చి, లిబ్రే ఆఫీస్‌లో ఒకసారి చదివి దిద్దుకోవాలి. ఒత్తుల దగ్గర తప్పులు దొర్లుతుంటాయి.

పని పూర్తయిన సిస్టంతో ఏం ఆశించాలో షాపువాళ్లే ముందు చెప్పేస్తారు. టైపింగు, వీడియో పాఠం సాఫీగా నడుస్తాయి. బ్రౌజర్‌లో పదీ పదిహేను ట్యాబులు తెరిస్తే 4 జీబీ చాలదు. ర్యామ్‌ను తినేది ఓఎస్ కాదు, ఈనాటి వెబ్‌సైట్లు. జ్రామ్ ఆన్ చేస్తే, అంటే ర్యామ్‌లోనే డేటాను కుదించి దాచే ఏర్పాటు పెడితే, కొంత వెసులుబాటు దొరుకుతుంది.

మదర్‌బోర్డు కెపాసిటర్లు ఉబ్బినవి, ర్యామ్ దొరకని పాతవి మాత్రం విడిభాగాలకు పోతాయి. ఎస్‌ఎంపీఎస్, ఫ్యాన్, కేబుళ్లు ఊడదీసి దాచుకుంటారు. మిగిలిన బోర్డులు పాత ఇనుము బండికి వేయాల్సినవి కావు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం అవి నమోదైన రీసైక్లర్‌కే చేరాలి.