ఉదయగిరి దుర్గం చుట్టి వద్దాం

కావలి,
కార్తీకమాసం.

రమా,

నీ ఉత్తరం, ఫొటోలు అందాయి. శనివారం వస్తే మీ ఫ్రీమాంట్ ఊళ్ళో మనవాళ్ళు చాలామంది మిషన్ పీక్ మీదే ఉంటారనీ, 2,517 అడుగుల కొండ ఒక దారిన ఎక్కి ఇంకో దారిన దిగుతారనీ రాశావు. సంక్రాంతికి వచ్చినప్పుడు ఇక్కడా అలాంటి నడక ఒకటి చూసిపెట్టమన్నావు. చూశాను. కావలిలో ఎటు చూసినా చదునే గానీ, జలదంకి, కలిగిరి, వింజమూరు, దుత్తలూరు దాటి పడమటికి పోతే ఉదయగిరి దుర్గం ఉంది. సుమారు ఎనభై కిలోమీటర్లు. సముద్రమట్టం నుంచి 3,079 అడుగులు, మీ మిషన్ పీక్ కంటే ఎత్తే!

భైరవకోన కూడా మనసులో మెదిలింది. ఒకే రాతిలో తొలిచిన ఎనిమిది శివాలయాలు, జలపాతం, అన్నీ బాగుంటాయి. కాకపోతే అక్కడ బండి దిగి చూసి మళ్ళీ బండెక్కడమే. ఉదయగిరిలో అయితే కొండంతా కోటే. పాత గెజిటీర్ల లెక్కన మొత్తం పదమూడు కోటలు, ఎనిమిది కొండమీద, ఐదు కింద. కొన్నిచోట్ల చరియలు వెయ్యి అడుగుల దాకా నిట్టనిలువుగా ఉంటాయి. కృష్ణదేవరాయలంతటివాడు ఏడాదిన్నర ముట్టడి వేస్తే గానీ 1514లో ఈ దుర్గం లొంగలేదు. పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాసినదాన్నిబట్టి, పైకి ఉన్న దారి మనిషి వెనక మనిషి నడిచేంత ఇరుకట. రాయలు బండలు పగలగొట్టించి వెడల్పు చేయించాడట. గెలిచాక ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని తీసుకుపోయి విజయనగరంలో గుడి కట్టించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. తిరుగు విమానం చెన్నై నుంచే కదా, పొద్దు చాలితే చూసి వెళ్ళు.

ఇక నడక సంగతి. ఊరు కొండకి తూర్పున ఉంది, మనం ఎక్కేది ఆ వైపునుంచే. అంటే పొద్దు పొడవగానే ఎండ నేరుగా మన వీపు మీద పడుతుంది. అందుకే తెల్లవారుఝామున నాలుగింటికి ఇక్కడ బయల్దేరి, వెలుగు రాగానే ఎక్కడం మొదలుపెట్టాలి. మధ్యాహ్నం దాటాక అదే వైపు కొండనీడ పడుతుంది, దిగుడు చివర్లో సుఖం. పైకి చేరాక కోటగోడ లోపలి అంచు పట్టుకుని బురుజులు, మసీదులు, నీటిగుంటలు చూసుకుంటూ ఒక చుట్టు చుట్టి, బయల్దేరిన చోటికే వచ్చి దిగుదాం. ఎక్కుడు, దిగుడు ఒక్క దారే అయినా చుట్టు మాత్రం పైన దొరుకుతుంది. చరియ అంచులకి పోయి ఫొటోలు దిగడం మటుకు వద్దు, ఇప్పుడే చెబుతున్నాను.

స్కాట్లండులో నైస్మిత్ అనే ఆయన 1892లో చెప్పిన లెక్క ఒకటుంది. గంటకి ఐదు కిలోమీటర్ల నడక, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకి ఇంకో గంట. మొత్తం పది కిలోమీటర్లు, 600 మీటర్ల ఎత్తు అనుకుంటే మూడు గంటలు. అది చలిదేశం లెక్క. మన ఎండకి, రాళ్ళదారికి, పిల్లలకి రెట్టింపు వేశాను. పైన చుట్టులో సగం చేరాక వెనక్కి రావడానికీ ముందుకి పోవడానికీ ఒకే దూరం పడుతుంది. కాబట్టి ఎవరికైనా మోకాలు పట్టేసినా, తల తిరిగినా ఆ సగం చేరకముందే చెప్పాలి. పదకొండు గంటలకి ఎక్కడున్నా సరే, దిగే దారి పట్టాల్సిందే.

జనవరే ఎందుకంటే, మనకి వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే. నవంబరులో తుపాను భయం, మార్చి తర్వాత బండలు కాలిపోతాయి. సంక్రాంతికి గుంటల్లో నీళ్ళుంటాయి, రేగుపళ్ళూ ఉంటాయి. ఆ నీళ్ళు తాగడానికి కాదులే, మనిషికి మూడు లీటర్లు ఇంటినుంచే మోసుకుపోవాలి. పులిహోర, ఉప్పుచెక్కలు అమ్మ చేస్తానంది. గడ్డి మోకాళ్ళెత్తున ఉంటుంది, ముళ్ళ గింజలు మేజోళ్ళకి పట్టుకుంటే ఒక పట్టాన వదలవు. నిండు ప్యాంటు, మడమ దాటే బూట్లు తెచ్చుకో. రక్తపింజరలుండే నేల, చెయ్యి పెట్టే ముందు రాతిసందు చూసుకోవాలి.

ఎర్రచందనం దొంగల మూలాన ఈ కొండల్లో కొత్తముఖాలు కనబడితే ఫారెస్టువాళ్ళు ఆపుతారు, ఆపాలి కూడా. ముందే రేంజి ఆఫీసులో చెప్పుకుని, ఊళ్ళో మేకలు కాసే మనిషిని ఒకర్ని వెంట తీసుకుందాం. ఈ తూర్పు కనుమలు ఇంకా ఏమేం దాచుకున్నాయో చూడు. 1840ల్లో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా ఉన్న జెర్డాన్ లోకానికి చూపించిన కలివికోడి అనే పక్షి, 1900 తర్వాత కనబడక, అంతరించిందనుకున్నాక, 1986లో కడప జిల్లా లంకమల వైపు మళ్ళీ దొరికింది. దాని పేరులోని కలివి పొద దారిలో కనిపిస్తే నీకు చూపిస్తాను.

దీనికింత పట్టుబట్టడానికి ఒక కారణముంది. ఏటా తొమ్మిదో తరగతికి సమోన్నత రేఖలు బోర్డు మీద గీస్తాను. గీతలు దగ్గరపడితే నిటారు, ఎడం అయితే మెల్లని వాలు అని పిల్లలు వల్లిస్తారు. వాళ్ళలో ఎందరో కొండ ఎక్కి ఎరగరు. గీతకి గీతకి మధ్య 20 మీటర్లంటే ఎన్ని అడుగులు వెయ్యాలో, ఊపిరి ఎక్కడ ఆగుతుందో కాళ్ళకి తెలియాలి. మనం ఈ దారి ఒకసారి నడిచి, నీడ ఎక్కడుందో, కూర్చోడానికి చోటెక్కడో, ఎక్కడ ప్రమాదమో రాసుకుంటే, వచ్చే ఏడు వాళ్ళని ధైర్యంగా తీసుకెళ్ళొచ్చు. కొండలు నడిచి నడిచి అలవాటైన నీ కళ్ళు నాకు కావాలి.

దిగాక సాయంత్రం ఉదయగిరి చెక్క చెంచాలు చేసేవాళ్ళ దగ్గర కాసేపు కూర్చుందాం. ముడికొయ్య ముక్క ఒకటి చేతిలో తిప్పుతూ, చెక్కుతూ, గుంట తీసి నున్న చేస్తుంటే చూడాలి. మీ వంటింటికి అక్కడే గరిటెలు కొనుక్కుందువు.

ఈ లోపల వారానికి మూడు రోజులైనా మెట్లెక్కు. నేను తుమ్మలపెంట బీచికి పోయి ఇసకలో నడుస్తున్నాను. పిల్లలిద్దరూ వస్తారో లేదో, మీ ఆయన సంగతేమిటో త్వరగా రాయి. జీపు మాట్లాడాలి, ఫారెస్టు ఆఫీసులో అందరి పేర్లూ ఇవ్వాలి.

నీ
సుశీల