బతాకా ఉందా?

మేం కువైట్‌లో, ఫర్వానియాలో ఒకే రూములో ఆరుగురం ఉంటాం. మొన్న శుక్రవారం సరుకులకని మాలియా వెళ్ళాం. బస్సు దిగగానే చెకింగ్. అందరం బతాకాలు తీశాం. మాలో చిన్నోడి జేబులో మాత్రం బ్యాంకు కార్డే ఉంది, బతాకా రూములో ఇంకో చొక్కాలో ఉండిపోయింది. కార్డు మీద పేరుంది కదా సార్ అని బతిమాలాం. బ్యాంకు కార్డుతో డబ్బులొస్తాయి గానీ మనిషికి గుర్తింపు రాదు. వాణ్ని బండెక్కించేశారు.

రూముకెళ్ళి బతాకా తెచ్చి స్టేషన్లో చూపించి, వాణ్ని బయటికి తెచ్చేసరికి రాత్రి తొమ్మిదైంది. ఈలోగా ఊరి నుంచి వాళ్ళమ్మ నాలుగుసార్లు ఫోన్ చేసింది. ఓవర్‌టైమ్‌లో ఉన్నాడమ్మా అని అబద్ధమాడాం.

ఇప్పుడు చెప్పులేసుకునే ముందే ఒకరినొకరం అడుగుతున్నాం, బతాకా ఉందా అని. ఫోన్లో మొబైల్ ఐడీ కూడా పెట్టుకున్నాం. అన్నలూ, తమ్ముళ్ళూ, మీరూ ఒకసారి జేబు తడుముకోండి.